అమెరికా అరుపు కోతి సౌండ్ పెడితే మన కోతులు పారిపోతాయా?

జీడిపిక్క:

అందరికీ నమస్కారం. మాది ఉద్దానం, వజ్రపుకొత్తూరు వైపు. నాలుగెకరాల జీడితోట, గట్ల మీద కొబ్బరి, నడుమ ఆరు పనస చెట్లు. 2018లో తిత్లీ తుఫానుకి మా తాత వేసిన చెట్లన్నీ వేళ్లతో లేచిపోతే మళ్లీ నాటుకున్నాం, అవి ఇప్పుడిప్పుడే చేతికొస్తున్నాయి అనుకునేసరికి కోతులు దిగాయి. తెల్లారి ఆరు కాకముందే ముప్పై నలభై ఉన్న గుంపు వచ్చేస్తుంది. పండు తిని పిక్క కింద పారేస్తే ఏరుకుంటాం, బాధ లేదు. కానీ ఇవి పచ్చికాయలూ తెంపుతాయి, ఒక కొరుకు కొరికి మూతి మండగానే విసిరేస్తాయి, మళ్లీ ఇంకోటి తెంపుతాయి. నిన్న ఒక్క చెట్టు కింద ఏరితే గోరు దిగే లేత పిక్కలు తువ్వాలు నిండా వచ్చాయి, ఒక్కటీ పనికిరాదు.

సంగతేంటంటే మొన్న పలాసలో ఒకతను స్పీకర్ బాక్సు చూపించాడు. బ్యాటరీది, మెమరీ కార్డులో పులి, కుక్కలు, టపాకాయలు, చివర్లో ‘అడవి సౌండ్’ అని ఒకటి. 3,800 చెప్పాడు. ఆ చివరిది నా ఫోన్లోకి ఎక్కించుకుని రాత్రి భోజనాల వేళ ఇంట్లో బ్లూటూత్ స్పీకర్లో పెట్టాను. ఏం చెప్పమంటారు, ఎద్దు గొంతు ఎవరో నులుముతుంటే అరిచినట్టు, మధ్యలో ఈదురుగాలి గొట్టంలో దూరినట్టు ఉంది. శాలలో పెయ్య పలుపు తెంపుకుంది. మా నాన్నమ్మ చేతికర్ర పట్టుకుని ‘ఎలుగు వచ్చీసిందిరా, తలుపెయ్యండి’ అని ఒకటే కేక. మా వైపు ఎలుగుల భయం మీకు తెలిసిందే. తర్వాత ఇంటర్ చదివే మా మేనకోడలు వెతికి, ఇది అమెరికా అడవుల్లో ఉండే హౌలర్ మంకీ అంది.

నిజంగా ఆ గొంతు కోతిదేనా? ఎంత పెద్దది? అసలు ప్రశ్న ఏంటంటే, దాన్ని తోటలో పెడితే మన కోతులు భయపడతాయా, 3,800 దండగా? ఎవరికైనా అనుభవం ఉంటే చెప్పండి.

గజపతినగరం మామిడి:

కొనకు బాబూ.

మేం రెండేళ్ల కిందట మామిడికి పెట్టాం, మాది పులి సౌండు. మొదటి రోజు తోక ఎత్తి పరుగో పరుగు, మా కూలీలు చప్పట్లు కొట్టారు. మూడో రోజు పక్క తోటలోకి జరిగి కూర్చున్నాయి. ఆరో రోజు పులి గాండ్రిస్తుంటే బాక్సు ఉన్న గుంజ మీదే ఒక పిల్లకోతి కూర్చుని టెంక చీకుతోంది. ఫొటో తీశాను, ఇప్పటికీ మా ఆవిడ ఫోన్లో అదే వాల్‌పేపర్. రోజూ ఒకే టైముకి ఒకే మూల నుంచి వచ్చే పులి తమను ఏమీ చెయ్యదని వాటికి అర్థమైపోతుంది. మనకంటే తొందరగా.

నాలుగు-ఎనిమిది వాచ్:

తమ్ముడూ, మాది కవిటి. నేను ఓడ మీద ఏబీగా, అంటే డెక్ మీద పనిచేసే నావికుడిగా చేస్తున్నాను, పనామా కాలువ మూడుసార్లు దాటాను, కాబట్టి నీ మొదటి ప్రశ్నకు నేను సాక్షిని. అది కోతే.

మొదటిసారి వినింది గాటూన్ సరస్సులో. అట్లాంటిక్ వైపు నుంచి వస్తే గాటూన్ దగ్గర మూడు లాకుల్లో నీళ్లు నింపి ఓడను మెట్లెక్కించినట్టు పైకి లేపుతారు, సముద్రం కంటే ఇరవై ఆరు మీటర్ల ఎత్తున ఒక సరస్సు, చుట్టూ అడవి. మా వంతు రాక అక్కడే లంగరు వేశాం. నాది తెల్లవారుజాము నాలుగు నుంచి ఎనిమిది వాచ్. నాలుగున్నర అప్పుడు బ్రిడ్జి రెక్క మీద, అంటే ఓడ నడిపే గది పక్కన బయటికి పొడుచుకొచ్చిన చోట నిలబడ్డాను, గాలి లేదు, చొక్కా ఒంటికి అంటుకుపోయింది, నీళ్లు అద్దంలా ఉన్నాయి. ఎక్కడో గుర్రుమని మొదలైంది. నేను నిజంగా కింద ఏదో పంపు పట్టేసిందనుకున్నాను. ఇంజిన్ రూంకి ఫోన్ చేస్తే సెకండ్ ఇంజనీర్ మంచి మలయాళంలో తిట్టాడు. అంతలో అవతలి ఒడ్డు నుంచి అదే గొంతు బదులిచ్చింది, దాని వెనక ఇంకోటి, పది నిమిషాల్లో సరస్సు చుట్టూ అదే. పొద్దున కాలువలో ఓడకి దారి చూపించే పైలట్ ఎక్కాక అడిగితే నవ్వి ‘మోనో ఆవుయాదోర్’ అన్నాడు, అంటే అరిచే కోతి. పిడుగు పడినా, విమానం పోయినా కూడా అరుస్తాయట.

తర్వాత ఓడ కదిలితే, కాలువ దారి బారో కొలరాడో అనే దీవి పక్కనుంచే పోతుంది. ఒకప్పుడు అది కొండ. చాగ్రెస్ నదికి ఆనకట్ట కట్టి 1913లో సరస్సు నింపితే చుట్టూ మునిగి కొండ శిఖరం దీవిగా మిగిలింది, 1923 నుంచి దాన్ని పరిశోధన కోసమే ఉంచేశారు. బైనాక్యులర్స్‌లో చూశాను. చెట్టు చివర నల్లటి ముద్ద, తోకతో కొమ్మను చుట్టుకుని, రెండు చేతులూ వదిలేసి ఆకులు దూసుకుంటోంది, మనం మునగాకు దూసినట్టు. ఇంత చిన్నదా అనిపించింది. ఆ గొంతుకి నేను ఏనుగంత ఊహించుకున్నాను.

వెన్నెముక:

విజయనగరంలో డిగ్రీ పిల్లలకు జువాలజీ చెబుతాను. కవిటి తమ్ముడు చెప్పినవన్నీ నిజం. ఆ దీవి మా సబ్జెక్టులో పెద్ద పేరు. 1930ల మొదట్లో కార్పెంటర్ అనే అమెరికన్ అక్కడ నెలల తరబడి ఈ కోతుల వెనకే తిరిగి రాసుకున్నాడు, అడవిలో కోతులను వాటి మానాన వదిలేసి గమనించే పద్ధతికి అది దాదాపు మొదలు. ఇక విషయానికి వస్తాను, కొంచెం పొడుగు అవుతుంది, ఓపిక పట్టండి.

సైజు. మగది ఏడెనిమిది కేజీలు, మన ఊళ్లో గుంపు పెద్ద కోతి ఎంతో అంత. కొండముచ్చు కంటే చిన్నదే. మరి ఆ గొంతు ఎక్కడిది? నాలుక మొదట్లో హయాయిడ్ అని ఒక ఎముక ఉంటుంది. మనకది గుర్రపునాడా ఆకారంలో చిన్నగా ఉంటుంది. హౌలర్ మగవాటికి అదే ఉబ్బి డొల్లగా చిప్పలా తయారవుతుంది. బుర్రకథ వాళ్ల తంబురా చూశారు కదా, తీగ ఎంత సన్నదైనా కింద బుర్ర ఉంది కాబట్టి ఊరంతా వినిపిస్తుంది. ఇదీ అలాంటి బుర్రే, గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాయి. దట్టమైన అడవిలోనే మూడు నాలుగు కిలోమీటర్లు వినిపిస్తుంది. ఈ బుర్రకి ఒక మూల్యం కూడా ఉంది. ఏ జాతుల్లో గుంపుకి ఒక్క మగదే ఉంటుందో వాటికి ఎముక పెద్దది, బీజాలు చిన్నవి, గుంపులో మగవి ఎక్కువగా ఉండే జాతుల్లో ఇది తారుమారు. 2015లో కొలిచి చూసి రాశారు. రెండింటి మీదా పెట్టుబడి పెట్టలేవన్నమాట. క్లాసులో ఈ ముక్క చెప్పిన రోజు చివరి బెంచీల సంగతి మీరే ఊహించుకోండి.

ఇప్పుడు అసలుది. ఆ అరుపు ఎవరినీ బెదిరించడానికి కాదు. అంటే, బెదిరింపే, కానీ ఇంకో హౌలర్ గుంపుకి. ‘మేం ఈ అత్తిచెట్టు మీద ఉన్నాం, మీరు అక్కడే ఉండండి’ అని పొద్దున్నే చాటింపు. ఎందుకంటే ఇవి ఎక్కువగా ఆకులు తినే కోతులు, పళ్లు దొరికినప్పుడు పళ్లు. ఆకుల్లో బలం తక్కువ, అరగడానికి గంటలు పడుతుంది. కొండముచ్చుకైతే అరలు అరలుగా పొట్ట ఉంటుంది, వీటికి అదీ లేదు, పెద్దపేగులో పులియాల్సిందే. అందుకే రోజులో దాదాపు ముప్పాతిక వంతు కొమ్మ మీద బోర్లా పడుకునే ఉంటాయి. అంత తక్కువ శక్తితో బతికేవాటికి కొట్లాట ఖరీదైన పని, అరుపు చవక. దూరం నుంచే మాట అనేసుకుంటే కలవాల్సిన పనే లేదు.

మీ తోటలోకి వచ్చేది ఎర్రమూతి కోతి, రీసస్. దానికీ హౌలర్‌కీ మధ్య అట్లాంటిక్ సముద్రం, మూడున్నర కోట్ల ఏళ్లు. ఆఫ్రికా నుంచి కొట్టుకుపోయిన చెట్ల దుంగల మీదో, తీగలల్లుకున్న తెప్పల మీదో కొన్ని కోతులు దక్షిణ అమెరికా చేరాయని ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే మాట, పెరూలో దొరికిన కోతి దంతాల శిలాజాలు దానికి సాక్ష్యం. అప్పటికి రెండు ఖండాలూ ఇప్పటికంటే దగ్గరగా ఉండేవి. ఆ తర్వాత వాళ్ల దారి వాళ్లది, మన దారి మనది. అక్కడి వాటికి ముక్కు రంధ్రాలు పక్కలకు ఉంటాయి, కూర్చునే చోట మన కోతుల్లా కాయగాసిన చర్మం ఉండదు. తోకతో పట్టుకోవడం కూడా అక్కడ కొన్నిటికే ఉంది. హౌలర్ తోక చివర లోపలివైపు వెంట్రుక లేని చర్మం, మన అరచేతిలా గీతలు కూడా ఉంటాయి. మన కొండముచ్చుకి అంత పొడుగు తోకున్నా అది తూకానికే, కొమ్మ పట్టుకోలేదు. చెప్పొచ్చేదేంటంటే, ఆ భాష మీ కోతికి తెలీదు. మొదటిరోజు పెద్ద శబ్దం కాబట్టి ఉలిక్కిపడుతుంది, అంతే. గజపతినగరం బాబు చెప్పిన ఆరో రోజు మీకూ వస్తుంది.

జీడిపిక్క:

మేడం, కోటి దండాలు. మా మేనకోడలు మీ పోస్టు మొత్తం నోట్సులో రాసుకుంది, బీజాల లైను తప్ప.

ఒకటే సందేహం. అదే కోతి అమెరికాలో తోటల మీద పడదా? అక్కడి రైతులు ఏం చేస్తారు? ఇంకోటి, మా అమ్మ అంటోంది, అడవి కోతుల వల్ల జ్వరాలు వస్తాయట, అందుకని కరెంటు తీగ పెట్టి చంపేయాలని మా పక్క తోటాయన రోజూ నా మీద ఒత్తిడి.

నాలుగు-ఎనిమిది వాచ్:

కరెంటు తీగ మాట ఎత్తకు తమ్ముడూ, కోతి కంటే ముందు మనిషో పశువో పోతుంది, కేసవుతుంది.

జ్వరం సంగతి నాకు కొంచెం తెలుసు. ఆ దేశాలకు పోయే ఓడ ఎక్కాలంటే మాకు యెల్లో ఫీవర్ టీకా తప్పనిసరి. నేను వైజాగ్‌లో వేయించుకున్నాను, పసుపు రంగు పుస్తకం ఇస్తారు, పాస్‌పోర్టు కంటే భద్రంగా దాచుకుంటాం, అది లేకుండా తిరిగొస్తే మన దేశంలో దిగగానే ఆరు రోజులు విడిగా కూర్చోబెడతారు. బ్రెజిల్‌లో 2016 చివర్లో ఆ జ్వరం పెద్దగా వచ్చింది, రెండేళ్లు పోలేదు. అడవిలో హౌలర్లు వేలల్లో చచ్చాయి. జనం ఏమో కోతులే అంటిస్తున్నాయని రాళ్లతో, కర్రలతో కొట్టి చంపారు. అంటించేది చెట్లపై తిరిగే దోమ. హౌలర్‌కి ఆ జ్వరం వస్తే తట్టుకోలేదు, మనిషి కంటే ముందే పోతుంది. అక్కడి ఆరోగ్య శాఖ వాళ్లు చచ్చిన కోతి కనబడితే ఆ ఊరికి వెంటనే టీకాలు పట్టుకుపోతారు. బతికున్నవాటిని చంపేస్తే ఆ కబురు అందేది ఎలా?

వెన్నెముక:

సరిగ్గా చెప్పారు. మన దగ్గర కర్ణాటకలో కైసనూర్ అడవి జ్వరం ఇలాంటిదే, 1957లో శివమొగ్గ వైపు కొండముచ్చులు, కోతులు చచ్చిపడుతుంటే బయటపడింది. అక్కడ దోమ కాదు, గోమారి. మీ ఉద్దానంలో కోతి వల్ల భయపడాల్సింది కాటుకి. కరిస్తే పదిహేను నిమిషాలు సబ్బుతో, పారే నీళ్లతో కడిగి రేబీస్ టీకాకి వెళ్లిపోండి, పసుపులూ కారాలూ పూయొద్దు.

అమెరికా తోటల సంగతి అడిగారు. హౌలర్ నేల మీదికి దిగడమే అరుదు, చెట్టు మీంచి చెట్టు మీదికి దారి ఉంటేనే అడుగు వేస్తుంది. కాఫీ తోటల్లో నీడకోసం పెంచే చెట్ల మీదా, కోకో తోటల్లోనూ ఉంటాయి, రైతులు వాటితో పెద్దగా గొడవ పడరు. కింద నిలబడితే మాత్రం సరిగ్గా నెత్తి మీద పడేట్టు పని కానిచ్చేస్తాయని చూసినవాళ్లంతా చెబుతారు. వాటికి ఉన్న చిక్కు ఏంటంటే, చెట్టు పోతే అవీ పోతాయి. 2024 మే నెలలో మెక్సికోలో టబాస్కో అనే రాష్ట్రంలో ఎండలు 45 డిగ్రీలు దాటితే వందకు పైగా హౌలర్లు కొమ్మల మీంచి రాలిపడి చనిపోయాయి. నీడనిచ్చే అడవి నరికేసి మిగిల్చిన చిన్న చిన్న తోపుల్లో ఇరుక్కుపోయాయి మరి. ఊళ్లో వాళ్లు బకెట్లతో నీళ్లు, పుచ్చకాయలు పెట్టారు.

అన్నట్టు అక్కడ అన్నిటికంటే పెద్ద కోతి హౌలర్ కాదు, మురికీ. పేరు చూసి నవ్వకండి, శుభ్రంగానే ఉంటుంది. బ్రెజిల్ ఆగ్నేయ తీరపు అడవుల్లో తప్ప ఎక్కడా లేదు, పన్నెండు పదిహేను కేజీలు తూగుతుంది, గుర్రం సకిలించినట్టు అరుస్తుంది. మగవి ఆడదాని కోసం కూడా పెద్దగా కొట్టుకోవు, ఒకదాన్నొకటి కావలించుకుని వేలాడతాయి. ఉత్తరపు జాతి వెయ్యి కూడా మిగల్లేదు. ఆ స్పీకర్ అతనికి చెప్పండి, మురికీ సౌండు మాత్రం అమ్మొద్దని.

పలాస కటింగ్:

ఇంతసేపూ అమెరికా కోతి, అమెరికా కోతి అంటున్నారు గానీ, మన జీడిచెట్టు ఎక్కడిదో ఎవరూ అనలేదేం? అదీ బ్రెజిల్‌దే. పోర్చుగీసు వాళ్లు నాలుగైదు వందల ఏళ్ల కిందట గోవా వైపు తెస్తే ఇక్కడిదాకా వచ్చింది. చెట్టుని తెచ్చుకున్నాం, దాని కోతిని అక్కడే వదిలేశాం.

పెద్ద కోతులు కాదు గానీ అక్కడ కాపుచిన్ అని ఒక చిన్న కోతి ఉంది. అది పిక్కని బండ మీద పెట్టి, రాయి ఎత్తి దబీమని కొట్టి, జీడి అంటకుండా పప్పు తీసుకుని తింటుంది. వాటి పాత రాళ్లు తవ్వి చూస్తే మూడు వేల ఏళ్లుగా తిండి కోసం రాళ్లు వాడుతున్నాయని తేలిందట. మా కటింగ్ షెడ్డులో ఆడవాళ్లు చేతులకి నూనె, బూడిద రాసుకున్నా వేళ్లు నల్లబడి తొక్క లేచిపోతుంది, నలభై ఏళ్లుగా చూస్తున్నాను. ఆ కోతికి కూలీ ఎంతో కనుక్కోవాలి.

ఈ సంగతి మీ తోట కోతుల ముందు చదవకు బాబూ. ఇప్పుడు పిక్క వదిలేస్తున్నాయి, అదే పదివేలు.

గజపతినగరం మామిడి:

సౌండే కావాలంటే కొండముచ్చుది పెట్టుకోవచ్చు కదా, దాన్నయితే మన కోతి పుట్టినప్పటి నుంచి ఎరుగును. 2023లో ఢిల్లీలో జీ20 అప్పుడు కొండముచ్చు బొమ్మలు నిలబెట్టారు, కొండముచ్చులా అరిచే మనుషుల్ని కూడా పెట్టారు. బొమ్మ కన్నా మనిషి మేలు, చోటు మారతాడు, తరుముతాడు, రాయి విసురుతాడు. మేం చివరికి అదే చేశాం, తోటకి నలుగురం వంతులేసుకుని కాపు నెల పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు, రెండు కుక్కలు. పూర్తిగా పోవు. సగానికి తగ్గాయి. తోట పక్కన గుడి దగ్గర అరటిపళ్లు పెట్టేవాళ్లని మాన్పించడానికి మాత్రం మా వల్ల కాలేదు.

జీడిపిక్క:

అప్‌డేట్ ఇస్తున్నాను. బాక్సు కొనలేదు. అతన్ని బతిమాలి నాలుగు రోజులకి అద్దెకు తెచ్చాను, 300.

మొదటి రోజు ఆరుకి పెట్టగానే గుంపంతా గప్‌చుప్. పారిపోలేదు, పనస చెట్టు చివరకెక్కి మెడలు చాపి తూర్పుకి చూశాయి. ఒక ముసలి ఆడకోతి మాత్రం చేతిలో పండు వదల్లేదు. రెండో రోజు కొబ్బరి మీదికి మారాయి. మూడో రోజు నేను బాక్సు చోటు మార్చాను, కొంచెం పనిచేసింది. నాలుగో రోజు చీకట్లో చోటు మార్చడానికి వెళ్తుంటే పొదలో ఏదో పెద్దది కదిలింది, ఎలుగో కాదో చూడలేదు, బాక్సు అక్కడే పడేసి ఇంటికి వచ్చి తలుపేసుకున్నాను. తెల్లారాక వెళ్తే బాక్సు అరుస్తూనే ఉంది, దాని చుట్టూ పిక్కలు. అదే రోజు తిరిగిచ్చేశాను.

పక్క తోటాయనకి కేసు సంగతి చెబితే తీగ మాట ఆపాడు. వంతులకి ముగ్గురం కుదిరాం, ఇంకొకరు కావాలి. మా బావ కొండముచ్చులా అరవడం ప్రాక్టీసు చేస్తున్నాడు, వారం నుంచి పొద్దున్నే డాబా మీద ఇదే పని. ఇప్పటిదాకా మా కుక్క ఒక్కటే పారిపోయింది, నిన్న సాయంత్రం దొరికింది.